ఊదకూడని కాఫీ

ఆయన పోయాడని మా మేనల్లుడు ఫోన్ చేసేసరికి నేను కొంటాలో మా ఇంటి వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను.

"అత్తా, గురువుగారు పోయిండ్రు," అన్నాడు. "ఆదివారం సంతాప సభ పెట్టుకుంటున్నం. నువ్వు రావాలె. రెండు మంచి మాటలు మాట్లాడాలె. నీకన్న ఎక్కువ ఎవరికెరుక ఆయన సంగతి?"

నాకే ఎరుక. అందులో అబద్ధం లేదు. కానీ మంచి మాటలు కావాలంటే వాడు వేరే మనిషిని వెతుక్కోవాలి. పోయినవాళ్ల గురించి చెడు మాట్లాడకూడదంటారు. నేను ఆయన బతికుండగానే మొహం మీద మాట్లాడాను కాబట్టి నాకు ఆ మొహమాటం లేదు. అయినా వస్తానన్నాను. ఆయన కోసం కాదు, వాడి కోసం అన్నాను.

సుక్మా దాకా ఒక బస్సు, అక్కడినుంచి దంతేవాడ మీదుగా గని టౌన్‌షిప్‌కు ఇంకొకటి. దారి పొడుగునా ఆయన గురించి మంచి మాట ఒక్కటి దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదని చెప్పను. దొరికినవన్నీ కాఫీ దగ్గరికే వచ్చి ఆగిపోయాయి.

ఆయనది కోస్తా వైపు. ఇనుప ఖనిజం తవ్వే కొండ మీద ఫోర్‌మన్. టౌన్‌షిప్‌లో తెలుగువాళ్లంతా గురువుగారు అనేవాళ్లు. నేను ఒక్కనాడూ అనలేదు. ఏం నేర్పాడని గురువు? ఆయన అందరికీ నేర్పింది ఒక్కటే, కాఫీ తాగడం. అదీ తప్పుగా నేర్పాడు.

మా గని భూమిలోకి దిగేది కాదు, కొండ ఎక్కేది. షిఫ్ట్ బస్సు పొద్దున మనుషుల్ని పైకి మోసుకుపోయి సాయంత్రం ఎర్రటి మనుషుల్ని దింపేది. వెంట్రుకలు ఎరుపు, కనురెప్పలు ఎరుపు, ఉమ్మితే ఎరుపు. పాత రోజుల్లో షిఫ్ట్ దిగినవాడు జేబులోంచి బెల్లం ముక్క తీసి బుగ్గన పెట్టుకునేవాడు, గొంతులో దుమ్ము పోతుందని. ఆయన వచ్చాక బెల్లం నామోషీ అయింది. బస్సు దిగినవాళ్లు ఇళ్లకు పోకుండా ముందు ఆయన క్వార్టర్ వరండాకు పోవడం మొదలుపెట్టారు.

వరండాలో కిరసనాయిలు స్టవ్, దాని మీద పెద్ద గిన్నె. కాఫీ పొడి అరకు మీదుగా వచ్చే ప్యాసింజర్ రైల్లో తెప్పించేవాడు. ఇత్తడి ఫిల్టర్‌లో డికాషన్ దింపి పాలలో కలిపేవాడు. అంతవరకూ బాగానే ఉండేది, వాసన వీధి చివరిదాకా వచ్చేది. తర్వాత ఆ కలిపిన కాఫీని మళ్లీ స్టవ్ మీద పెట్టి బుడగలు లేచేదాకా కాచేవాడు. కాఫీ తెలిసినవాళ్లెవరూ అలా చెయ్యరు. ఆ కుతకుతలాడేదాన్ని స్టీలు గ్లాసుల్లో పోసి చేతులకిచ్చి, "ఊ, కానివ్వండి" అనేవాడు.

ఊదకూడదు. ఇంకో గ్లాసులోకి తిరగబోయకూడదు. చల్లారేదాకా ఆగకూడదు. ఇవి ఆయన శాసనాలు.

"దుమ్ము మామూలు దుమ్ము కాదండీ, ఇనుము. ఇనుమును లొంగదీసేది వేడి ఒక్కటే. చల్లటి కాఫీ తాగారా, దుమ్ము లోపలే బైఠాయిస్తుంది," అనేవాడు. అంటూ రెండు వేళ్లు గడ్డం కింద పెట్టుకుని గొంతు మీదుగా ఛాతీదాకా గీసేవాడు. "ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా కడిగేస్తుంది."

ఆయనకు మెడ పొడుగు. గొంతుముడి పెద్దది. ఆయన తాగుతుంటే అది కిందికీ పైకీ కదలడం కుర్రాళ్లు నోరు తెరుచుకుని చూసేవాళ్లు. కొత్తగా చేరినవాడెవడైనా పొరపాటున ఊదాడో, ఆయన నవ్వుతూ ఆ గ్లాసు వెనక్కి తీసుకుని జామచెట్టు మొదట్లో పారబోసి, "బాబుకి పాలసీసా తెప్పించండర్రా" అనేవాడు. వరండా అంతా నవ్వేది. మర్నాడు వాడు అంగిలి కాల్చుకుని మరీ తాగేవాడు. ఆ జామచెట్టుకు ఎన్ని గ్లాసుల కాఫీ అందిందో గానీ ఒక్క మంచి కాయ కాసిన పాపాన పోలేదు.

రోజూ పేపరు చదివి వినిపించడం కూడా ఉండేది. కాఫీ తాగేవాళ్ల కాలేయానికి కేన్సర్ ముప్పు తక్కువట అని ఏ మూలనో చిన్న వార్త పడితే ఆ వారమంతా అదే పారాయణం. కాఫీ వద్దని ఇంకో వార్త పడితే ఆ కాగితంలో పకోడీలు పెట్టేవాడు. నూనె పీల్చడానికి తప్ప ఆ వార్తకు ఇంకో ఉపయోగం ఆయనకు కనిపించేది కాదు.

ఇదంతా నేను పక్క క్వార్టర్‌లోంచి చూశాను. మా అన్న డ్రిల్లింగ్‌లో పనిచేసేవాడు. వదిన జ్వరమొచ్చి పోయాక చిన్నపిల్లవాణ్ణి సాకేవాళ్లు లేక నన్ను కొంటానుంచి తెచ్చుకున్నాడు. ఆ పిల్లవాడే ఈ ఫోన్ చేసినవాడు. అన్న నెమ్మదైన మనిషి. ఎవరేం చెప్పినా నిజమే అనుకునేవాడు. అలాంటివాడికి పక్కింట్లో గురువు దొరికితే ఇంకేం కావాలి? సాయంత్రం వరండాలో రెండు గ్లాసులు తాగి, ఇంటికొచ్చి నాలుక కాలిందని ఉప్పులేని మజ్జిగ అడిగేవాడు.

వానలు మొదలైనప్పుడు ఒకరోజు అన్నం తింటూ ముద్ద మింగలేక లేచి నిలబడ్డాడు. గుండెల మీద తట్టుకుని నీళ్లు తాగాక దిగింది. పొలమారిందనుకున్నాం. తర్వాత అది రోజూ జరిగింది. అన్నం మెత్తగా వండాను. తర్వాత గంజి చేశాను. చొక్కా భుజాల దగ్గర వదులైంది.

"దవాఖానకు పోదాం అన్నా," అన్నాను.

"గురువుగారిని అడిగిన. దుమ్మంట. గొంతుల గడ్డ కట్టిందంట," అన్నాడు.

నేను గంటె పొయ్యి మీదే వదిలేసి ఆ వరండాకు పోయాను. అంతమంది మగవాళ్ల మధ్యకు నేను వెళ్లడం అదే మొదలు. "మా అన్నకు ముద్ద దిగుతలేదు. మీరేమో దుమ్మంటున్నరంట. మీరు డాక్టరా?" అని అడిగాను.

ఆయనకు కోపం రాలేదు. ఆయనకు కోపం రాకపోవడమే నాకు ఒళ్లుమండేది. "చెల్లెమ్మా, పాతికేళ్లుగా ఈ కొండ దుమ్ము తింటున్నాను. నాకు తెలీదా? ఇప్పుడు ఆసుపత్రికి వెళ్తే ఏం చేస్తారు? కొండెక్కడానికి అన్‌ఫిట్ అని రాస్తారు. కింద గోడౌన్‌లో కూర్చోబెడతారు. ఓవర్‌టైమ్ పోయే, అలవెన్సు పోయే. పిల్లాడు ఇంకా బళ్లో ఉన్నాడు. ఇంకాస్త వేడిగా తాగమను, అదే కరుగుతుంది," అన్నాడు. మళ్లీ ఆ రెండు వేళ్లు గొంతు మీద గీసుకున్నాడు.

అన్‌ఫిట్ అన్న మాటకు గని మనిషి ఎంత భయపడతాడో బయటివాళ్లకు తెలియదు. జబ్బు కన్నా ఆ మాటకే ఎక్కువ భయం. దగ్గు దాచుకునేవాళ్లు, నడుంనొప్పి దాచుకునేవాళ్లు, కన్ను మసకబారితే అక్షరాల పలక ముందే బట్టీపట్టి పరీక్షకు వెళ్లేవాళ్లు. ఆ భయం ఆయన పుట్టించింది కాదు. కానీ దాన్ని ఎక్కడ నొక్కాలో ఆయనకు తెలుసు. అన్న ఇంకాస్త వేడిగా తాగాడు.

చలికాలమంతా అలాగే గడిచింది. నేను ఏడ్చాను, తిట్టాను, ఒకరోజు అన్నం వండకుండా కూర్చున్నాను. అన్న మెల్లగా, "ఇంకొన్ని దినాలు చూద్దాం చెల్లె," అనేవాడు. ఇప్పపూలు రాలే నాటికి గంజి కూడా దిగడం మానేసింది. అప్పుడు విశాఖపట్నం పోదామని ఒప్పుకున్నాడు. మాతో పాటు ఆయనా బయలుదేరాడు. అక్కడ పెద్దాసుపత్రిలో ఎవరితో మాట్లాడాలో, ఎలా మాట్లాడాలో తనకే తెలుసట. ఆ సాయం చేశాడు, కాదనను. చీటీ రాయించాడు, బెడ్ ఇప్పించాడు, ఇంగ్లీషు మాట్లాడాడు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు మమ్మల్ని గదిలోకి పిలిచాడు. ఆహారనాళంలో కేన్సర్ అన్నాడు. ఏమేం అలవాట్లున్నాయని అడిగాడు. అన్న దాచుకోకుండా చెప్పాడు. చిన్నప్పుడు పళ్లకు గుడాఖు రుద్దేవాడు. పొగాకూ బెల్లమూ కలిపిన ఆ నల్ల ముద్ద మా వైపు ఇంటింటా ఉంటుంది. పెళ్లయ్యాక మానేశాడు. పండగలకు ఇప్పసారా. రోజూ కాఫీ.

"కాఫీ వల్లనే వచ్చిందా సార్?" అని నేనడిగాను. అవునని డాక్టరు నోటివెంట వినాలని నాకెంత ఉందో చెప్పలేను. పక్కన కుర్చీలో ఆ మనిషి కూర్చుని ఉన్నాడు.

డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. "కాఫీ మీద నేరం మోపలేమమ్మా. కాఫీ ఆ పాపం చేస్తుందని చెప్పడానికి ఆధారం లేదు. కాలేయానికి మేలేనని కూడా అంటారు. కానీ నోరు కాలేంత వేడిగా ఏది తాగినా, అది టీ గానీ కాఫీ గానీ వట్టి నీళ్లు గానీ, ఏళ్ల తరబడి ఆ గొట్టం లోపలి పొర కాలుతూ ఉంటే ముప్పు ఉండొచ్చు. పొగాకు ఉంది, సారా ఉంది. ఈ ఒక్క మనిషికి ఏది కారణమంటే నేనే కాదు, ఎవరూ చెప్పలేరు." కొంచెం ఆగి, "ముద్ద దిగనప్పుడే తీసుకొచ్చి ఉంటే మాత్రం బాగుండేది," అన్నాడు.

నేను ఆ మనిషి వైపు చూశాను. ఆయన రెండు వేళ్లు గొంతు మీద ఉన్నాయి. గడ్డం కింద పెట్టిన చోటే ఆగిపోయాయి. కిందికి దిగలేదు.

అన్నను ఆసుపత్రిలో చేర్చి, ఎదురింట్లో వదిలొచ్చిన పిల్లవాడికి బట్టలూ పుస్తకాలూ సర్దడానికి నేను ఒకసారి వెనక్కి రావాల్సి వచ్చింది. అదే రైల్లో ఆయనా వచ్చాడు. అరకులో కాఫీ కొన్నాడు. ఎప్పుడూ రైలు కదలకముందే తాగేసే మనిషి, ఆ కప్పు చేతిలో పట్టుకుని రెండు స్టేషన్లు దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆవిరంతా పోయాక తాగాడు. నాకు కొంచెం మనసు మెత్తబడింది. పోనీలే, ఇక్కడితో ఆ వరండా స్టవ్ ఆరిపోతుంది, కనీసం మిగతా పిల్లలన్నా బాగుపడతారు అనుకున్నాను. మనిషి మారాడనుకోవడంలో నాకున్నంత తొందర ఎవరికీ ఉండదు.

మర్నాడు సాయంత్రం స్టవ్ వెలిగింది. కుర్రాళ్లు చుట్టూ చేరి, డాక్టరేమన్నాడని అడిగారు. నేను గోడ ఇవతల బట్టలు తీస్తున్నాను.

"గుడాఖు," అన్నాడాయన. "చిన్నప్పటి గుడాఖు. డాక్టరు స్పష్టంగా చెప్పాడు. కాఫీ అయితే మంచిదే అన్నాడు. ఊ, కానివ్వండి."

ఆయన అన్న మాటల్లో సగం నిజమే. సగం నిజం ఎంత పని చేస్తుందో ఆ సాయంత్రం చూశాను. గ్లాసులు ఖాళీ అయ్యాయి, ఒక్కడూ ఊదలేదు.

అన్న ఆ ఏడాది వానలు చూడలేదు. చివరి రోజుల్లో మాట రాక సైగలే చేసేవాడు. దినాలకు ఆ మనిషి భార్య క్యారియర్ నిండా వండి పంపింది. ఆవిడ మాటకారి కాదు. ఆ వరండాలోకి ఎన్నడూ రాలేదు, వంటింట్లోంచే పాలు అందించేది. ఆ క్యారియర్ తిరిగిచ్చేద్దామని ఒక సాయంత్రం వాళ్ల పెరటి గుమ్మంలోకి వెళ్లాను.

వంటింటి గడప మీద ఆవిడ నిలబడి రెండు గ్లాసుల మధ్య కాఫీ తిరగబోస్తోంది. పైకెత్తి పొయ్యడం, కిందికి దించడం. ఆయన ముక్కాలి పీట మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ఆవిడ గ్లాసు అందిస్తే చిటికెనవేలు ముంచి చూసి, "ఇంకొంచెం," అన్నాడు. ఆవిడ మళ్లీ తిరగబోసింది. అప్పుడు గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. వరండాలోకి వెళ్లి స్టవ్ మీద మరుగుతున్న గిన్నెలోంచి ఇంకో గ్లాసు నింపుకోవడం తలుపులోంచి కనిపించింది. అక్కడ దాన్ని చేతిలో పట్టుకుని ఏదో చెప్పి నవ్వించాడు. కుర్రాళ్లు తాగుతున్నారు. వాళ్లు అటు తిరిగినప్పుడు తన గ్లాసు జామచెట్టు మొదట్లో పోశాడు.

వెనక్కి తిరిగేసరికి నేను కనబడ్డాను.

"నోరు పూసింది చెల్లెమ్మా," అన్నాడు దగ్గరికి వచ్చి.

"నోరు పూస్తే వాళ్లకెందుకు పోస్తున్నరు? చల్లార్చుకొని తాగుమని ఒక్క మాట చెప్పరాదా?" అన్నాను.

ఆయన గొంతు తగ్గించాడు. ఆయన అలా గొంతు తగ్గించడం నేను అంతకుముందు వినలేదు. "చెబితే ఏమవుతుందో తెలుసా? మీ అన్నను నేనే చంపినట్టవుతుంది."

క్యారియర్ గడప మీద పెట్టి వచ్చేశాను. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. మా అన్నకు ఎందుకలా అయిందో ఎవరికీ తెలియదని డాక్టరన్నాడు, నమ్మాను. అన్నను ఆలస్యం చేసింది ఈ మనిషి, అది డాక్టరు చెప్పక్కర్లేదు, నేను చూశాను. అది కూడా ఏదో ఒకనాటికి క్షమించేదాన్నేమో. తెలియక చేశాడనుకునేదాన్ని. కానీ తెలిసిన తర్వాత తన గొంతు ఒక్కటి కాపాడుకుని ఇంతమంది పిల్లల గొంతుల్లో మరిగేది పోశాడు. పరువు కోసం పోశాడు. ఇది నేను క్షమించలేదు, క్షమించను.

కుర్రాళ్లకు చెప్పకుండా నేను ఊరుకోలేదు. కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. "అక్క దుఃఖంలో ఉంది" అని తలలు ఊపి వెళ్లిపోయేవాళ్లు. పిల్లవాడు పెద్దవాడయ్యాక తండ్రి స్థానంలో ఉద్యోగం వచ్చింది. దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయనే. నేను దానికీ కృతజ్ఞత చెప్పలేదు. మొదటి షిఫ్ట్ దిగిన సాయంత్రం మావాడు తిన్నగా ఆ వరండాకే వెళ్లాడు. ఇంటికొచ్చాక నాలుక బయటపెట్టి చూపించి నవ్వాడు.

"మీ నాయన ఇట్లనే నవ్వేటోడురా. ఆ మనిషి లోపల చల్లార్చుకొని తాగుతడు, నా కండ్లతో చూసిన," అన్నాను.

"నీకు మొదటిసంది ఆయన మీద కోపమే అత్తా. ఆయన లేకుంటే నాకు ఈ నౌకరీ ఏడిది?" అన్నాడు.

ఆ మాట తర్వాత నేను కొంటా వచ్చేశాను. కాఫీ పొడి డబ్బా కడిగి అందులో పసుపు పోసుకున్నాను.

ఆదివారం నాటికి టౌన్‌షిప్ చేరాను. ఉద్యోగం అయిపోయాక ఆయన మార్కెట్ వెనక చిన్న ఇల్లు కట్టుకున్నాడు. వాకిట్లో షామియానా వేశారు. కుర్చీ మీద దండ వేసిన ఫోటో. దాని ముందు అగరువత్తులు, స్టీలు గ్లాసులో కాఫీ. గుండెపోటుతో పోయాడట, గొంతు నిక్షేపంగా ఉందన్నమాట. ఒకడు లేచి ఆయన మాట సాయం గురించి చెప్పాడు. ఒకడు ఆయన ఇప్పించిన సెలవుల గురించి చెప్పి ఏడ్చాడు. నిజమైన ఏడుపే. వరండాలో స్టవ్ మీద అదే గిన్నె కుతకుతలాడుతోంది. గురువుగారి పద్ధతిలో అందరూ ఒక గ్లాసు తాగి ఆయనకు వీడ్కోలు చెప్పాలని అనుకున్నారట. పొయ్యడం మా మేనల్లుడి వంతు. అందరికీ పోసి, నా చేతికొకటి ఇచ్చి, తనొకటి తీసుకున్నాడు. నోటిదాకా తెచ్చి, ఊదబోయి, ఆగాడు. చుట్టూ చూసి పెదాలు బిగబట్టాడు.

నా గ్లాసు పట్టుకోలేక కొంగుతో పట్టుకున్నాను. ఆ వేడి వాడి గొంతులోకి దిగబోతోంది.

"ఆగురా," అన్నాను. "నన్ను మాట్లాడుమన్నవు కదా. మాట్లాడనియ్యి."

అందరూ నా వైపు తిరిగారు. నేను వాళ్లను చూడలేదు. ఫోటో పక్కన గోడకానుకుని కూర్చున్న ఆయన భార్యను చూశాను.

"అక్కా, నేను చెప్తే కోపం మీద చెప్తున్నదంటరు. ఆయన ఇన్నేండ్లు కాఫీ ఎట్ల తాగిండో నువ్వే చెప్పు. నువ్వు చెప్పకున్నా నేనేమనుకోను," అన్నాను.

ఎవరో వెనకనుంచి, "ఇప్పుడదెందుకమ్మా" అన్నారు. ఆవిడ గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్లింది. వెళ్లిపోయిందనుకున్నాను. మా మేనల్లుడు నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. మళ్లీ ఎప్పటికీ ఫోన్ చెయ్యడేమో అనిపించింది.

ఆవిడ బయటికి వచ్చింది. చేతిలో ఖాళీ గ్లాసు ఉంది. మా వాడి దగ్గరికి వచ్చి వాడి చేతిలోంచి కాఫీ తీసుకుంది. తిరగబోయడం మొదలుపెట్టింది. పైకెత్తి, కిందికి దించి, మళ్లీ పైకెత్తి. చివరికి చిటికెనవేలు ముంచి చూసి గ్లాసు వాడి చేతిలో పెట్టింది.

"ఇలా తాగేవారు నాయనా," అంది. "మీ నాన్న పోయిన దగ్గర్నుంచీ. రోజూ నేనే చల్లార్చి ఇచ్చాను. ఎవరికీ చెప్పొద్దన్నారు."

మా వాడు గ్లాసులోకి చూశాడు. ఫోటోలోకి చూశాడు. "మరి మాకెందుకు పోసిండు అట్ల?" అన్నాడు. కోపంగా కాదు, చిన్నప్పుడు అడిగినట్టు అడిగాడు.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను జవాబు చెప్పగలను, చెప్పలేదు. ఒక్కొక్కరే గ్లాసులు నేల మీద పెట్టారు. కాసేపటికి నా పక్కనున్న కుర్రవాడు గ్లాసు తీసి, అటూ ఇటూ చూసి, మెల్లగా ఊదాడు. ఎవరూ నవ్వలేదు. మా వాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

నా గ్లాసు చల్లారేదాకా ఆగి తాగాను. ఇన్నేళ్లకు మళ్లీ తాగడం. కాఫీ బాగుంది. దాని మీద నాకెప్పుడూ కోపం లేదు.